షాపులో ఏఐ పెట్టుకున్నాక మూడు గొడవలయ్యాయి. తీసేయాలా, ఎట్లా వాడాలో చెప్పేవాళ్లున్నారా?

చిక్‌పేట చీరలాయన:

అందరికీ నమస్కారం. మాది ధర్మవరం. బెంగళూరు వచ్చి 14 ఏళ్లు. చిక్‌పేటలో ఒక సందులో మొదటి అంతస్తులో చీరల షాపు నాది. చిన్నదంటే నిజంగా చిన్నదే, నలుగురు కూర్చుంటే ఐదో మనిషి మెట్ల మీద నిలబడాలి. నేను, మా ఆవిడ, పనికి ఇద్దరు అమ్మాయిలు. పట్టు చీరలు మా మామగారి మగ్గాల నుంచి, ఊళ్లో తెలిసినవాళ్ల మగ్గాల నుంచి వస్తాయి. సెమీ పట్టు, అంటే అచ్చం పట్టు కాకుండా వేరే పోగు కలిసినవి, ఫ్యాన్సీ కూడా పెడతాం. అవి లేకపోతే అద్దె గిట్టదు.

ఇప్పుడు సగం బేరం వాట్సాప్‌లోనే. వరమహాలక్ష్మి ముందు రోజుకు 60, 70 మంది ఫోటోలు అడుగుతారు. రాత్రి పదకొండుకు ‘ప్రైస్ ప్లీజ్’ అని ఒకరు పెడతారు, పొద్దున మనం చూసేసరికి ఇంకెక్కడో కొనేసి ఉంటారు. ఇది చూసి మా మేనల్లుడు, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు, ఒక ఏఐ బాట్ తగిలించాడు. రాత్రి 10 నుంచి పొద్దున 9 దాకా అదే జవాబిస్తుంది.

మొదటి నెల బాగుందనే చెప్పాలి. కన్నడలో అడిగితే కన్నడలో, తమిళంలో అడిగితే తమిళంలో చెప్పింది. తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టినా అర్థం చేసుకుంది. నాకు ఇన్నేళ్లయినా కన్నడ మాట్లాడటమే వచ్చు, రాయడం రాదు. ఆ నెల రాత్రిపూట మెసేజ్ పెట్టినవాళ్లలో 11 మంది తర్వాత షాపుకొచ్చి కొన్నారు. లెక్క రాసిపెట్టుకున్నా.

ఆ తర్వాత మొదలైంది.

హోసూరు నుంచి ఒకావిడ పెళ్లి చీర కొన్నారు, 18,500. ఆరో రోజున తెచ్చి కౌంటర్ మీద పెట్టి డబ్బులిమ్మన్నారు. ఫాల్ కుట్టించేశారు, పీకో అయిపోయింది. మా షాపులో వాపసు లేదమ్మా, బోర్డు మీదే ఉంది, మూడు రోజుల్లో మార్చుకోవచ్చు, అదీ ఫాల్ కుట్టకపోతేనే అన్నా. ఆవిడ ఫోన్ తీసి చూపించారు. రాత్రి 12:40కి మా బాట్ ఏం చెప్పిందంటే, ‘నచ్చకపోతే 7 రోజుల్లో తిరిగి ఇవ్వవచ్చు, పూర్తి డబ్బు వాపసు’. మేము ఎప్పుడూ ఎక్కడా అనని మాట. దానికి ఎవరు చెప్పారో తెలియదు. 20 నిమిషాలు వాదించి, పక్క కస్టమర్లు లేచి వెళ్లిపోతుంటే ఇచ్చేశా. ఆ చీర ఇప్పుడు మా ఆవిడ బీరువాలో ఉంది. ‘ఎట్లాగూ అమ్ముడుపోదు కదా’ అంటుంది. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

రెండోది చిన్నదే. స్టేటస్‌లో పెట్టే రాతలు కూడా ఏఐతోనే రాయిస్తున్నాం. 2,200 రూపాయల సెమీ పట్టు చీరకు ‘స్వచ్ఛమైన పట్టు, చేనేత, సిల్క్ మార్క్ ఉంది’ అని రాసింది. మా షాపు అమ్మాయి చదవకుండా పెట్టేసింది. మల్లేశ్వరం నుంచి పాత కస్టమర్, పెద్దావిడ, ఫోన్ చేసి ‘ఏమయ్యా, రెండు వేల రెండొందలకు ప్యూర్ పట్టా? పోగు కాల్చి చూపించు, వెంట్రుక కాలిన వాసన వస్తే పది తీసుకుంటా’ అన్నారు. గంటలో తీసేశాం.

నాకు నిద్ర లేకుండా చేసింది మూడోది.

మాకు నమ్మకం ఖాతాలున్నాయి. ఒక 40 ఇళ్లు ఉంటాయి. పండక్కి తీసుకెళ్తారు, మెల్లగా కడతారు. ఆ ఖాతా పుస్తకంలో పేరు, ఫోన్ నంబరు, బాకీతో పాటు నేను పక్కన చిన్న చిన్న మాటలు రాసుకుంటా. ‘ఈయన జీతం 7న’, ‘ఈవిడ అత్తగారికి తెలియకూడదు, పగలే ఫోన్ చేయాలి’, అట్లాంటివి. ఒకరి పేరు పక్కన ‘అమ్మాయి పెళ్లి తప్పిపోయింది, ఇప్పుడు అడగొద్దు’ అని ఉంది. బాకీ 9,400. ఆ పెళ్లి చీరలదే.

మా షాపులో అమ్మాయి మంచిదే, చురుకైనది. ఉగాది ముందు బాకీలు అడగమన్నానని, ఆ పేజీలకు ఫోటోలు తీసి తన ఫోన్‌లో ఉన్న ఏఐ యాప్‌లో పెట్టి ‘వీళ్లందరికీ మర్యాదగా కన్నడలో బాకీ మెసేజ్ రాయి’ అంది. అది అందరికీ విడివిడిగా రాసిచ్చింది. మర్యాదగానే. ఆ ఇంటికి మాత్రం, ‘మీ అమ్మాయి పెళ్లి తప్పిపోయిందని తెలిసి బాధపడుతున్నాం, ఈ కష్ట సమయంలో ఇబ్బంది పెట్టడం మా ఉద్దేశం కాదు, అయినా బాకీ 9,400...’ అని రాసింది. ఈ అమ్మాయికి కన్నడ చదవడం రాదు. పంపేసింది.

ఆవిడ నుంచి జవాబు రాలేదు. నేను మూడుసార్లు ఫోన్ చేశా, ఎత్తలేదు.

నా ప్రశ్న ఇది. ఇదంతా తీసిపారేసి పాత పద్ధతికి పోవాలా? లేక మా లాంటి చిన్న షాపువాళ్లు దీన్ని గొడవల్లేకుండా వాడే దారి ఉందా? ఆ 40 మంది పేర్లు, నంబర్లు ఇప్పుడు ఎక్కడికి పోయినట్టు? పోలీసు కేసులూ, 250 కోట్ల ఫైనూ అని మా మేనల్లుడు భయపెడుతున్నాడు, పెట్టింది వాడే అయినా.


బళేపేట బాబాయ్:

నాయనా, తీసెయ్. మా నాన్న 1971 నుంచి ఇదే పేటలో వ్యాపారం చేశాడు. రాత్రి 12:40కి చీర ధర అడిగేవాడికి పొద్దున్న 10కి చెప్తే కొంప మునగదు. కొనేవాడైతే ఆగుతాడు. కౌంటర్‌లో కూర్చోబెట్టే కుర్రాణ్నే ఆరు నెలలు పక్కన పెట్టుకుని నేర్పించి గానీ బేరానికి వదలం. దీన్ని మొదటి రోజే రాత్రంతా ఒంటరిగా వదిలేశావు. తప్పు దానిదా?


లెక్కల అక్క:

తమ్ముడూ, నేను రాజాజీనగర్‌లో జీఎస్టీ, ఆదాయపు పన్ను పని చేస్తాను. మీలాంటి షాపులు ఒక 30 నా దగ్గర ఉన్నాయి. బాబాయ్ గారు చివర్లో అన్న మాట నిజం. అయితే ‘తీసెయ్’ అన్నదానికి నేను ఒప్పుకోను. ముందు మీ భయాల సంగతి చెప్తాను.

హోసూరు ఆవిడకు డబ్బులిచ్చి మంచి పని చేశారు. వాదించినా నిలిచేది కాదు. కెనడాలో ఇలాంటిదే జరిగింది. ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లో ఉన్న బాట్, బామ్మ చనిపోయి ప్రయాణమవుతున్న ఒకాయనకు ‘టికెట్ కొన్నాక 90 రోజుల్లోపు తగ్గింపు అడగవచ్చు’ అని తప్పు చెప్పింది. కంపెనీ ఇవ్వనంది. పైగా ఆ బాట్ వేరే వ్యక్తి లాంటిది, దాని మాటలకు మేం బాధ్యులం కాదన్నట్టు వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రైబ్యునల్ ఆ వాదన కొట్టేసి సుమారు 812 కెనడా డాలర్లు కట్టించింది. అంత పెద్ద కంపెనీ మాటే చెల్లలేదు. అది మన చట్టం కాదు నిజమే, కానీ ఇక్కడ మాత్రం వినియోగదారుల కమిషన్ ముందు ‘అది మిషను చెప్పింది సార్’ అంటే ఏమంటారో మీరే ఊహించుకోండి.

ఇంకో మాట, మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. బాట్ సంగతి అలా ఉంచండి, మీ వాపసు నియమంలోనే లోటు ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోపు, గడువు రాయకపోతే 30 రోజుల్లోపు, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వననడం అనుచిత వ్యాపార పద్ధతి. నచ్చలేదన్నది వేరు, చీరలో పోగు తెగి ఉండటం వేరు. మీ బోర్డులో రెండూ ఒకటే అయిపోయాయి. ముందు మీకు స్పష్టంగా ఉంటే కదా బాట్‌కి చెప్పగలరు.

సెమీ పట్టుకు ప్యూర్ అని రాయడం మీరు చిన్నది అన్నారు. నాకు మూడింట్లో అదే పెద్దదిగా కనిపిస్తోంది. తప్పుదారి పట్టించే ప్రకటన కింద కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల దాకా జరిమానా వేయగలదు. సిల్క్ మార్క్ అనేది నోటి మాట కాదు. మనం రోజూ సిల్క్ బోర్డు జంక్షన్‌లో ఇరుక్కుని తిట్టుకుంటాం చూడండి, ఆ కేంద్ర పట్టు మండలి వాళ్లు 2004లో మొదలుపెట్టింది ఆ గుర్తు. సభ్యత్వం ఉన్నవాళ్లు, స్వచ్ఛమైన పట్టుకు మాత్రమే ఆ లేబుల్ వాడాలి. చేనేత అన్న మాట కూడా అంతే, మరమగ్గం చీరకు అది అంటిస్తే మీ మామగారి మగ్గానికే దెబ్బ.

ఖాతా పుస్తకం విషయం. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. నియమాలు 2025 నవంబర్‌లో నోటిఫై చేశారు, అసలైన బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు ఇచ్చారు. మీ పుస్తకం కాగితం మీద ఉన్నంతకాలం దాని కిందకు రాదు. ఫోటో తీసి ఫోన్‌లోకి ఎక్కించిన క్షణం నుంచి అది డిజిటల్ డేటా. 250 కోట్ల జరిమానా అని మీ మేనల్లుడు అంటున్నది గరిష్ఠ పరిమితి, అదీ భద్రత విషయంలో నిర్లక్ష్యానికి. 40 ఖాతాల షాపు మీద ఎవరూ అంత వేయరు. భయపడాల్సింది జరిమానాకు కాదు. ఆ 40 ఇళ్లలో ఒకరికి తెలిస్తే, మీ సందులో సాయంత్రానికి అందరికీ తెలుస్తుంది. మా క్లయింట్లలో ఒకాయన ఇలాగే అందరి పాన్, ఆధార్ కార్డులు ఏదో ఉచిత యాప్‌లో పెట్టి పట్టిక చేయించుకున్నాడు. నేను చూసి తలపట్టుకున్నాను. 2025 జనవరిలో కేంద్ర ఆర్థిక శాఖ తన ఉద్యోగులకే ఆఫీసు కంప్యూటర్లలో చాట్‌జీపీటీ, డీప్‌సీక్ లాంటివి వాడొద్దని చెప్పింది. వాళ్లు భయపడింది కాగితాలు బయటికి పోతాయనే.

చివరగా, పన్ను రేటు మాత్రం దాన్ని అడగకండి. 2025 సెప్టెంబర్ 22న రేట్లు మారాయి. రెడీమేడ్ బట్టలకు పాత హద్దు 1,000 రూపాయలు, ఇప్పుడు 2,500. అది దాటితే 18 శాతం. చీర రెడీమేడ్ కాదు, బట్ట కింద లెక్క, 18,500 చీరైనా 5 శాతమే. పోయిన నెల ఒక షాపువాళ్ల బిల్లుల్లో పట్టు చీరకు 12 శాతం వేసి ఉంది. ఎవరు చెప్పారంటే ఏఐ. పాత రేటూ తప్పే, చీరను కుర్తీతో కలపడమూ తప్పే. నవ్వకండి, మన బెంగళూరులోనే ఆదాయపు పన్ను అప్పీలు ట్రైబ్యునల్ 2024 డిసెంబర్‌లో ఇచ్చిన ఒక ఉత్తర్వులో అసలు లేనే లేని తీర్పులు కనబడి, దాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. అంతటి చోటే అలా జరిగింది.


చిక్‌పేట చీరలాయన:

అక్కా, చాలా థ్యాంక్స్. వాపసు బోర్డు విషయం నాకు తట్టనే లేదు. బిల్లు పుస్తకం కొత్తది కొట్టించాలి, అందులో మార్పించేస్తా.

బాబాయ్, మీ మాట కాదనను. కానీ ఒకటి గుర్తు చేస్తా. 2025 జులైలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు జీఎస్టీ నోటీసులు వచ్చినప్పుడు మన పేటలో చాలామంది ‘నో యూపీఐ, ఓన్లీ క్యాష్’ అని కాగితాలు అంటించారు కదా. నేనూ అంటించా. ఎన్నాళ్లు నిలిచింది? కస్టమర్ ఫోన్ తప్ప పర్సు తేవడం మానేశాడు, మనమే పీకేశాం. దీన్నీ నేను పీకేస్తే పక్క షాపువాడు పెట్టుకుంటాడు, మూడు నెలలకు మళ్లీ నేనే మేనల్లుణ్ని పిలుస్తా. అందుకే అడుగుతున్నా.


వైట్‌ఫీల్డ్ తమ్ముడు:

అన్నా, నేను సాఫ్ట్‌వేర్‌లో ఇదే పని చేస్తాను, కస్టమర్‌కేర్ బాట్‌లు. మాది అనంతపురం, మా అమ్మ పెళ్లి చీర కూడా ధర్మవరందే, కాబట్టి నాకు ఇది ఇంటి విషయం.

‘దానికి ఎవరు చెప్పారో తెలియదు’ అన్నారు కదా. ఎవరూ చెప్పలేదు. అది చదివిన లక్షల ఆన్‌లైన్ షాపుల పేజీల్లో వాపసు గడువు, పూర్తి డబ్బు అన్న మాటలు పక్కపక్కనే ఉంటాయి. మీ షాపు నియమం దానికి ఇవ్వలేదు, కస్టమర్ అడిగింది, ఖాళీని దానికి అలవాటైన మాటతో నింపింది. అబద్ధం చెప్పాలని చెప్పలేదు. దానికి తెలిసిందేదో తెలియనిదేదో తేడా లేదు, రెండూ ఒకే ధీమాతో చెప్తుంది. సెమీ పట్టు కూడా అంతే, చీరల రాతల్లో ‘ప్యూర్’, ‘చేనేత’ లేని రాత అది చూసి ఉండదు.

మీ మేనల్లుడు దానికి ఏం రాసి పెట్టాడో చూడండి. ‘నువ్వు చీరల షాపు సేల్స్‌మాన్‌వి, కస్టమర్‌ని సంతోషపెట్టు’ అని ఉంటుంది, పందెం. సంతోషపెట్టమంటే అది డబ్బు కూడా వాపసు ఇస్తానంటుంది మరి.

నేనైతే ఇలా చేస్తాను. ఒక పేజీ రాయండి, తెలుగులోనే. షాపు అడ్రసు, మెట్రో దిగి ఎలా రావాలి, వేళలు, వాపసు, మార్పిడి, కొరియర్ ఖర్చు. లెక్కల అక్క గారికి చూపించి సరిచేయించండి. బాట్‌కి అదొక్కటే ఇచ్చి, ‘ఇందులో లేనిది ఏది అడిగినా, పొద్దున 10 తర్వాత షాపువాళ్లు చెప్తారు అని మాత్రమే చెప్పు’ అని పెట్టండి. ధరలు దాని నోటి నుంచి రాకూడదు. మీ స్టాకు పట్టికలో చీర కోడ్ ఎదురుగా ఉన్న ధరను అక్కడి నుంచే తీసి చూపించేలా కలపొచ్చు, మీ వాడికి చేతనవుతుంది. కాకపోతే ధర చెప్పడం మాన్పించండి. తగ్గింపు అసలే వద్దు. 2023 డిసెంబర్‌లో అమెరికాలో ఒక కార్ల షోరూమ్ బాట్ చేత ఒకడు తమాషాకు ‘ఒక్క డాలరుకు కారు, ఇదే ఖాయం’ అనిపించాడు. మన పేటలో బేరమాడే అమ్మలు వాడికంటే తక్కువేం కాదు.

మొదటి మెసేజ్‌లోనే ‘ఇది ఆటోమేటిక్ జవాబు’ అని రాయండి. దాన్ని దాచడం వల్ల ఏ లాభమూ లేదు.

తర్వాత బాబాయ్ గారు చెప్పిన ఆరు నెలల సంగతి. ఇది నాకు బాగా నచ్చింది, మా ఆఫీసులో కూడా ఇదే మాట చెప్పబోతున్నా. మీ పాత వాట్సాప్‌లో కస్టమర్లు నిజంగా అడిగినవి ఒక 40 మెసేజ్‌లు ఏరండి. పేర్లు, నంబర్లు తీసేసి, తిక్క ప్రశ్నలు కూడా కలిపి. ‘మా అక్కకు 2,000 తగ్గించారుగా, నాకెందుకు తగ్గించరు’ లాంటివి. మీరు, వదిన కూర్చుని బాట్‌ని అవన్నీ అడిగి, జవాబులు చదవండి. కన్నడ జవాబులు కన్నడ వచ్చినవాళ్ల చేత చదివించండి. ఒక్కటి తేడా కొట్టినా రాత్రి వదలొద్దు. వదిలాక కూడా రోజూ పొద్దున షాపు తీయగానే రాత్రి మాటలన్నీ ఒకసారి చూసుకోండి. పది నిమిషాల పని. ఆ రోజు పొద్దున్నే చూసి ఉంటే, హోసూరు ఆవిడ ఫాల్ కుట్టించేలోపే ఫోన్ చేసి సరిదిద్దుకునేవాళ్లు.

ఖాతాల సంగతి. ఆ అమ్మాయి ఫోన్‌లో ఆ సంభాషణ డిలీట్ చేయించండి. చాలా యాప్‌లలో సెట్టింగ్స్‌లో డేటా కంట్రోల్స్ అని ఉంటుంది, మన మాటల్ని శిక్షణకు వాడుకోవడం అక్కడ ఆపేయొచ్చు. ఇకనుంచి షాపు పనికి షాపు ఖాతానే వాడాలి, వాళ్ల సొంత ఫోన్ కాదు. అమ్మాయిని తిట్టకండి అన్నా, వాడొద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదుగా. 2023లో శామ్‌సంగ్ ఇంజనీర్లే కంపెనీ కోడ్ తీసుకెళ్లి చాట్‌జీపీటీలో పెట్టేశారు, ఆ తర్వాత కంపెనీ ఇలాంటి టూల్స్‌ను ఆపేసింది.

అసలు బాకీ మెసేజ్‌కి 40 మంది పేర్లు దానికెందుకు? ‘ఫలానా వారికి, ఇంత బాకీ’ అని ఖాళీలతో ఒక్క మెసేజ్ కన్నడలో రాయించుకోండి. చదివించుకోండి. పేరు, అంకె మీరు చేత్తో నింపండి. ఒక్కసారి చేస్తే వచ్చే ఉగాదికి కూడా పనికొస్తుంది.


ఇంటి నుంచే చీరలు (జేపీ నగర్):

ఫోటోల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను ఇంట్లో నుంచి అమ్ముతాను, నెలకు 30, 40 చీరలు. మోడల్‌కు ఇచ్చే డబ్బు మిగులుతుందని ఏఐతో చీర కట్టించిన ఫోటో చేయించా. అందంగా వచ్చింది. గోపురం అంచు కాస్తా మామిడి పిందెలైంది, కొంగులో బుటాలు రెట్టింపయ్యాయి. నేను గమనించలేదు, ఇన్ని చీరలు చూసినదాన్ని. కొన్నావిడ గమనించింది. అప్పటి నుంచి మొదటి ఫోటో కిటికీ దగ్గర పగటి వెలుతురులో నేను తీసిందే. అంచు ఒకటి, కొంగు ఒకటి, తిరగేసి వెనకవైపు ఒకటి. ఏఐ ఫోటో చివర్న, ‘కట్టుకుంటే ఇలా ఉండొచ్చు, ఇది ఏఐ బొమ్మ’ అని రాసి. బేరం ఏమీ తగ్గలేదు.

ఇది అటువైపు నుంచి కూడా వస్తుందన్నయ్యా, జాగ్రత్త. సంక్రాంతికి ఒకామె చీర చిరిగి వచ్చిందని ఫోటో పంపింది. చిరుగు దగ్గర పోగులు చూస్తే అనుమానమొచ్చింది. పట్టు అలా చిరగదు, పడుగు ఒకలా పేక ఒకలా విడిపోతుంది. అది కాగితం చింపినట్టు ఉంది. ‘అమ్మా, ట్యాగ్ కనబడేలా చీర చేత్తో పట్టుకుని వీడియో తీసి పంపండి, వెంటనే డబ్బు పంపిస్తా’ అన్నా. మళ్లీ మెసేజ్ లేదు. డబ్బులు కట్టినట్టు చూపించే స్క్రీన్‌షాట్‌లదీ అదే తంతు. సౌండ్‌బాక్స్ పలికితేనో, బ్యాంకు యాప్‌లో నేను చూస్తేనో తప్ప చీర కవర్‌లో పెట్టను. నిజంగా మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.


బళేపేట బాబాయ్:

పడుగు పేక చూసి పట్టుకున్నావు చూడమ్మా, అదీ వ్యాపారం. చీరలాయనా, ఇంతమంది ఇన్ని చెప్పారు, నీ ఇష్టం. కానీ ఆ పెళ్లి తప్పిన ఇంటికి మెసేజ్‌లూ ఫోన్లూ కాదు, మనిషివి వెళ్లు.


చిక్‌పేట చీరలాయన:

పది రోజులైంది, అందుకే రాస్తున్నా.

బాట్‌ని ఆపేశా, తీసేయలేదు. తమ్ముడు చెప్పిన పేజీ రాస్తున్నాం, ఒకటిన్నర పేజీ అయింది. రాస్తుంటే తెలిసింది, మా ఆవిడకూ నాకూ చాలా విషయాల్లో నియమం ఒకటి కాదు. కొరియర్ డబ్బులు ఎవరు పెట్టుకోవాలో నేనొకటి చెప్తున్నా, తనొకటి చెప్తోంది. ఇన్నేళ్లూ ఇద్దరం రెండు రకాలుగా చెప్తున్నాం కస్టమర్లకు. స్టేటస్ రాతలకు ఒక పద్ధతి పెట్టాం. చీర మడతలో పెట్టే చీటీ మీద పోగు ఏది, జరీ ఏది, మగ్గమా మరమగ్గమా అని మా మామగారి దగ్గరి నుంచే రాసొస్తుంది. ఆ చీటీలో లేని మాట స్టేటస్‌లో ఉండకూడదు. అమ్మాయి ఫోన్‌లో అన్నీ డిలీట్ చేయించా. తనే ఏడ్చేసింది, ఇక తిట్టేదేముంది.

బాబాయ్, వెళ్లాను. విజయనగర్‌లో ఇల్లు. ఆవిడ తలుపు తీసి ఒక నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత లోపలికి రమ్మని కాఫీ ఇచ్చారు. వాళ్ల అమ్మాయి ఆఫీసుకు వెళ్లింది. నేను జరిగిందంతా చెప్పా. మేమెవరం ఆ మాట రాయలేదమ్మా, కంప్యూటర్ రాసేసింది, మా షాపు అమ్మాయికి కన్నడ రాదు, చదవకుండా పంపేసింది అన్నా. ఆవిడ విన్నారు. విని, ‘మరి దానికి ఎట్లా తెలిసింది?’ అన్నారు.

పుస్తకంలో నేనే రాసుకున్నానని చెప్పా.

‘ఎందుకు రాసుకున్నారు?’

అడగకూడదని గుర్తుండటానికి అన్నా. అది నిజమే. కానీ ఆవిడ ముందు కూర్చుని చెప్తుంటే ఏదోలా అనిపించింది. ఆ పుస్తకం కౌంటర్ మీదే పడి ఉంటుంది, ఎవరైనా తిరగేయొచ్చు. ఏఐ రాకముందు కూడా అంతే.

9,400లో 2,000 ఇచ్చారు. నేను వద్దన్నా, వినలేదు, రసీదు కావాలన్నారు. బిల్లు పుస్తకం తీసుకెళ్లలేదు, వాళ్ల క్యాలెండర్ వెనక కాగితం చింపి రాసిచ్చా. తిరిగొచ్చి ఆ పాత పుస్తకంలో పక్కన రాసినవన్నీ నల్ల పెన్నుతో కొట్టేస్తూ కూర్చున్నా. 40 ఇళ్లంటే రాత్రి పదిన్నర అయింది. కొన్ని కొట్టేయాలంటే చేయి రాలేదు, ఎవరి జీతం ఎప్పుడో గుర్తుండదు కదా. అవి చిన్న డైరీలోకి ఎక్కించి ఇంట్లో పెట్టుకున్నా.

వైట్‌ఫీల్డ్ తమ్ముడూ, 40 మెసేజ్‌లలో 26 ఏరాం. నీకు శనివారం వీలవుతుందంటే షాపుకు రా, మెట్రో దిగి ఫోన్ చెయ్. కన్నడ చదివి చెప్పడానికి పక్క షాపు మాస్టర్‌ని కూర్చోబెడతా. అమ్మకు చీర కూడా చూసుకో.